కందిలి దించిన రోజు

ట్యాంకు కడగడానికి దిగిన సోమయ్యను మోకుతో పైకి లాగేసరికే ఊపిరి లేదు. మేనేజరు భీమశంకరరావు ముక్కు మూసుకుని తీర్పు చెప్పేశాడు: "తాగి దిగాడండీ."

తాగింది చాయ్. పోసింది పెళ్లాం ఈరమ్మ. అక్కడే బస్తాలు కుడుతూ అంతా చూసింది.

మామిడిపల్లి పక్క ఫ్యాక్టరీ అది. బెల్లపు మడ్డిలో ఈస్టును పులియబెట్టి, ఎండబెట్టి, పశువులకు ప్రొటీన్ దాణా చేస్తారు. ఈస్టు ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, సైరన్లు, చల్లనీళ్లు, పరుగులు! సూక్ష్మజీవులకు ఏసీ, స్థూలజీవులకు ఛీఛీ. ఎయిర్‌పోర్టు కింద పోయిన ఈ కూలీల పొలాల్లో విమానాలు దిగుతున్నాయి, వీళ్లేమో ట్యాంకుల్లో దిగుతున్నారు.

దినాలయ్యాక ఈరమ్మ పనికొచ్చింది. చేతిలో కిరసనాయిలు కందిలి. 2012 ఎండాకాలం, కరెంటు కోతలకు ప్రతి ఇంట్లో ఉన్నదే.

పక్క ట్యాంకు అప్పుడే ఖాళీ అయింది. "మడ్డి లారీ వస్తోంది. కుర్మయ్యా, దిగి కడుగు," అన్నాడు భీమశంకరరావు.

సోమయ్య అన్న కుర్మయ్య నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"ఆగు బావా," అంది ఈరమ్మ. "పాత బాయిల పూడిక తీయనీకి దిగేముందు మామ ఏం జేస్తుండె?"

"కందిలి దించుతుండె. ఆరిపోతే లోపల ఖరాబు గాలి ఉన్నట్టే, దిగకపోతుండె."

"మరి గీడ ఎట్ల మర్సినం?"

పాడుబావిని అనుమానించేవాళ్లే, తళతళలాడే స్టీలును నమ్మేశారు.

"ఫ్యాక్టరీలో నిప్పు పనికిరాదమ్మా!" అరిచాడు మేనేజరు.

"మా తమ్ముని చితికి మాత్రం పనికొచ్చిందా?" కుర్మయ్య నిచ్చెన మీంచి కాలు వెనక్కి తీసి తాడు అందించాడు.

కందిలి సగం లోతుకు దిగింది. ఆరింది. మళ్లీ వెలిగించి దించారు. మళ్లీ ఆరింది.

ఈరమ్మ ఆ కందిలిని మేనేజరు మొహం ముందు పెట్టింది.

"సారూ, ఇది గూడ తాగి దిగిందా?"

కుట్టు మిషన్లు ఆగిపోయాయి. మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

"గాలి సూసే మిషన్ పెట్టు. సోమయ్య తాగలేదని కాయితం మీద రాయి. అప్పటిదాంక ఎవ్వలం దిగం."

కాయితం రాలేదు, పోలీసు జీపు వచ్చింది. ఫ్యాక్టరీకి నిప్పు పెట్టబోయిందట! ఈరమ్మను ఎక్కించుకున్నారు. సాక్ష్యమంటూ కందిలినీ ఎక్కించుకున్నారు. గేటు బయట మడ్డి లారీకి ఈగలు ముసిరాయి.

మధ్యాహ్నం మూడింటికి రెండో షిఫ్టు. మొదటి షిఫ్టు ఇంటికి పోలేదు, రెండో షిఫ్టు లోపలికి రాలేదు. ఎర్రటెండలో అరవై మంది గేటు ముందు నిలబడ్డారు. అందరి చేతుల్లో, రెండో షిఫ్టు ఇంటింటి నుంచి పోగేసి తెచ్చిన కందిళ్లు వెలుగుతున్నాయి.

"పట్టపగలు దీపాలేంటయ్యా?" భీమశంకరరావు గేటు లోపలి నుంచే అడిగాడు.

కుర్మయ్య తన కందిలి వత్తి పెంచాడు.

"ఒక్కటి పట్కపోయిన్రు గద సారూ. ఇగ అరవై పట్కపోండ్రి."