తెరిచి ఉంచిన వాల్వు

నా భర్త ఆరిన్ నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరి మురుగునీటి ప్లాంటులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఊరంతా నీళ్ళు కొట్టి మరిచిపోయేదాన్ని శుభ్రం చేసి ఏట్లోకి వదిలే ఉద్యోగం. ఎవరైనా వెక్కిరిస్తే తనూ కలిసి నవ్వేవాడు. కానీ నేల మీద ఒక్క చుక్క మురుగు పడితే ఆ రోజంతా అన్నం సయించేది కాదు ఆయనకి. అలాంటి మనిషి మీద, ఎడారిలో దొడ్డి నీళ్ళు పారబోశాడని నింద వేశారు. వేసినవాడి పేరు గార్త్ పికెట్.

ఉద్యోగాలు మానేశాక మేము ఇల్లు అమ్మేసి పాత ఇల్లుబండి ఒకటి కొనుక్కున్నాం. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. చలికాలం వస్తే ఉత్తరాది మంచు తప్పించుకుని మాలాంటి ముసలివాళ్ళంతా అరిజోనాకు దిగుతారు. పదకొండు చలికాలాలు సాల్ట్ వెల్ క్యాంపులో ఒకే చోట, ఎండువాగు గట్టున, బండి ఆపుకున్నాం. బండి కింద రెండు టాంకులుంటాయి. గిన్నెల నీళ్ళకూ స్నానం నీళ్ళకూ ఒకటి, దొడ్డికి ఒకటి. ఈ రెండోదాన్ని నల్ల టాంకు అంటారు. నిండితే డంప్ స్టేషనుకు తోలుకెళ్ళి, గొట్టం తగిలించి, వాల్వు లాగి ఖాళీ చెయ్యాలి.

పదకొండో ఏడు గార్త్ మా పక్కన దిగాడు. డంప్ స్టేషన్ దగ్గర గంటసేపు వరసలో నిలబడ్డమంటే అతనికి నామోషీ. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి మా బండి వెనక వాగులో చూడరానిదంతా పడి ఉంది. చుట్టూ ఆకుపచ్చ నీళ్ళు. ఆ పచ్చరంగు టాంకులో వాసన రాకుండా పోసే మందుది. ఆరిన్ జన్మలో ఆ మందు వాడలేదు. "టాంకుకు నీళ్ళే మందు" అనేవాడు.

క్యాంపు మేనేజరు లమార్ టటిల్ వచ్చాడు. గార్త్ కాఫీ కప్పు పట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి చెప్పాడు.

"చెప్పాలని లేదు గానీ లమార్, ఈ పెద్దాయన వాల్వు లాగడం కళ్ళారా చూశాను. చేతులు వణుకుతున్నాయి, పాపం. వయసైపోయింది కదా."

నేను మందు రంగు గురించి చెప్పాను. గార్త్ మెట్ల కింద ఉన్న పచ్చ డబ్బా చూపించాను. లమార్ డబ్బా వైపు తిరగనైనా తిరగలేదు. మధ్యాహ్నంలోగా ఖాళీ చెయ్యమన్నాడు. ఆఫీసు గోడ మీద, మళ్ళీ రానివ్వకూడనివాళ్ళ జాబితాలో, ఆరిన్ పేరు ఎక్కించాడు.

అప్పటికే ఆరిన్‌కు మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి బండంతా వెతికేవాడు. ఆ రోజు ఎవరితోనూ వాదించలేదు. బండి నలభై మైళ్ళు పోయాక నా వైపు తిరిగి అడిగాడు.

"వెర్లీన్, నేను నిజంగా తెరవలేదు కదా?"

"లేదు" అన్నాను.

మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత రోజూ అడిగాడు. మే నెలలో పోయాడు. పోయే ముందురోజు కూడా నా చెయ్యి పట్టుకుని అదే అడిగాడు. మొగుడు పోయిన బాధ ఎలాగో ఓర్చుకోవచ్చు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు చేతులు శుభ్రంగా ఉంచుకున్న మనిషిని తన చేతుల్నే తను నమ్మకుండా చేశాడే ఆ గార్త్, దాన్ని మాత్రం నేను మింగలేకపోయాను.

అక్టోబరులో ఒంటరిగా సాల్ట్ వెల్‌కు తిరిగొచ్చాను. జాబితాలో ఉన్నది ఆరిన్ పేరే, నాది కాదు. ఇక మీదట ఏటా ఇక్కడికే వస్తానని గార్త్ ఎవరితోనో అనడం పోయినేడే నా చెవులతో విన్నాను. డంప్ స్టేషన్ దాకా బండి కదపలేనివాళ్ళ దగ్గరికి పంపు లారీ వెళ్ళి టాంకుల్లోది లాగేస్తుంది. దాన్ని మావాళ్ళు వేళాకోళంగా తేనెబండి అంటారు. అది నడిపేవాడికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆ పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి, లమార్ నా మొహం చూడకుండానే తాళాలు చేతిలో పెట్టాడు.

డిసెంబరులో గార్త్ వచ్చాడు. ఈసారి నలభై అడుగుల కొత్త బండి, అద్దంలా మెరుస్తోంది. మొదటి వరసలో, నేరుగా మురుగు గొట్టానికి తగిలించుకునే సదుపాయం ఉన్న చోటు తీసుకున్నాడు. నేను రబ్బరు చేతి తొడుగులతో, లారీ పక్కన, మగవాళ్ళ ఓవరాల్‌లో ఉన్నాను. నన్ను గుర్తుపట్టలేదు. వాడి మూలంగా నా బతుకు తలకిందులైతే, వాడికి నా మొహమైనా గుర్తులేదు.

"ఏమ్మా, ఈ పని తెలిసినదానివి కదా, ఒక మాట చెప్పు" అన్నాడు. "గొట్టం ఎలాగూ తగిలించే ఉంది. నల్ల టాంకు వాల్వు తెరిచే ఉంచేస్తే పోలా? రోజూ వంగి లాగడం ఎవడివల్ల అవుతుంది?"

తెరిచి ఉంచితే ఏమవుతుందో పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. నీళ్ళు ఎప్పటికప్పుడు జారిపోతాయి. గట్టిది కదలదు. రోజు మీద రోజు పేరుకుని గుట్టవుతుంది, ఎండి సిమెంటవుతుంది. టాంకు మూసి ఉంచి, బాగా నీళ్ళు పట్టనిచ్చి, నిండబోయేటప్పుడు ఒక్కసారిగా వదలాలి.

"మీ ఇష్టం సార్" అన్నాను. "తెరిచి ఉంచితే మీకు శ్రమ తప్పుతుంది."

"నేనూ అదే అనుకున్నా."

"నీళ్ళు కూడా కాస్త పొదుపుగా పొయ్యండి. ఎడారి కదా."

ఆ రాత్రి ఎన్నో నెలల తర్వాత హాయిగా నిద్రపోయాను.

రోజూ వాళ్ళ బండి పక్కనుంచే పోయేదాన్ని. తెరిచిన వాల్వు చూస్తూ రోజులు లెక్కపెట్టేదాన్ని. అతని భార్య మార్జీన్ మాత్రం మెత్తని మనిషి. ఒకరోజు లారీ ఆపి అరటిపళ్ళ రొట్టె ఇచ్చింది. "ఎండలో కష్టపడుతున్నారు, తినండి" అంది. రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు తిన్నాను. చాలా బాగుంది. అంత బాగుండడం నాకు నచ్చలేదు. ఆమెకు ఒక్క మాట చెబితే చాలు, టాంకు బాగుపడుతుంది. చెప్పలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో పాపం పండింది. మధ్యాహ్నం పన్నెండింటికి గార్త్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"త్వరగా రామ్మా! లోపలినుంచి పైకి తన్నుతోంది!"

వెళ్ళి దొడ్డిలోకి టార్చి వేసి చూశాను. దిబ్బ పైదాకా వచ్చేసింది. కొత్త కార్పెట్ సగం తడిసింది. వరసలో అటు ఐదు బండ్లు, ఇటు ఐదు బండ్లు కిటికీలు మూసేసుకున్నాయి. మరమ్మతు షాపుకు ఫోను చేస్తే మూడు వారాలదాకా ఖాళీ లేదన్నారట. ఆదివారంలోగా వాసన పోకపోతే ఖాళీ చెయ్యాలని లమార్ చెప్పేశాడు.

"దీన్ని కరిగించడం నాకు తెలుసు" అన్నాను. "మా ఆయన నేర్పాడు. ఆరిన్ స్టబ్స్. పోయినేడు నీ పక్క చోటు. చేతులు వణికే పెద్దాయన."

గార్త్ మొహంలో రంగు దిగిపోవడం దగ్గరనుంచి చూశాను. దానికోసం ఎంత దూరమైనా వచ్చేదాన్ని.

"ఆయన… బాగున్నారా?"

"మేలో పోయాడు. శనివారం పొద్దున అందరూ అట్లు తినడానికి చేరతారు కదా, అక్కడ లేచి నిలబడి ఆ వాగులో పోసింది ఎవరో చెప్పు. చెప్పాక నీ టాంకు సంగతి చూస్తాను."

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకమ్మా…"

"అయితే మూడు వారాలు ఆగు."

రెండు రోజులు బిగదీసుకుని కూర్చున్నాడు. మూడోరోజు శనివారం. షెడ్డు కింద అరవైమంది పళ్ళాలు పట్టుకుని కూర్చున్నారు. గార్త్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"పోయినేడు ఆ వాగు దగ్గర… నా వైపునుంచి చిన్న పొరపాటు జరిగి ఉండొచ్చు."

"ఉండొచ్చు కాదు" అన్నాను. "జరిగిందను."

అతను నోరు తెరిచేలోపు మార్జీన్ లేచింది. "పొరపాటు కాదు. కావాలనే పోశాడు. నేను కిటికీలోంచి చూశాను. ఆ పెద్దాయన మీదికి నెట్టినప్పుడు నోరు మూసుకుని ఊరుకున్నాను." నా వైపు తిరిగింది. "మీరెవరో మొదటిరోజే గుర్తుపట్టాను. చెప్పే ధైర్యం లేక రొట్టె తెచ్చాను. క్షమించండి."

ఆ రొట్టె తిని, పాపం ఈమె ఏం చేసిందని, ఎన్ని రాత్రులు మథనపడ్డానో!

"క్షమించను" అన్నాను. "మిమ్మల్నిద్దర్నీ."

పెనం మీద అట్టు మాడుతున్నా ఎవరూ తియ్యలేదు. లమార్ లేచి ఆఫీసులోకి వెళ్ళి, గోడ మీది జాబితా కాగితం చింపి తెచ్చి నా చేతికిచ్చాడు.

మాట ఇచ్చాను కాబట్టి పని చేయించాను. చేయించానంటున్నాను, చెయ్యలేదు. నేను కుర్చీ వేసుకుని నీడలో కూర్చున్నాను. గార్త్ మోకాళ్ళ మీద కూర్చుని బకెట్ల కొద్దీ వేడినీళ్ళు పోశాడు, పొడవాటి కర్రతో పొడిచాడు, మళ్ళీ పోశాడు. లమార్‌ను అడిగి బుధవారందాకా గడువు నేనే ఇప్పించాను. మధ్యలో పని వదిలి పోకూడదు కదా. రెండోరోజు చెమట తుడుచుకుంటూ నా వైపు కళ్ళెర్రజేశాడు.

"తెరిచి ఉంచమని చెప్పింది నువ్వే కదూ! కావాలనే చెప్పావు!"

"నేనా? ఎవరైనా కళ్ళారా చూశారా?" అన్నాను.

మూడోరోజు సాయంత్రం గుట్ట ఒక్కసారిగా విరిగింది. గొట్టం బిగించడం వాడికి సరిగా రాదు. పక్కకి ఊడి, మోచేతులదాకా, చొక్కాదాకా తడిపింది. బిగించమని నేను చెప్పి ఉండొచ్చు. నీడలోంచి లేవబుద్ధి కాలేదు.

బుధవారం వాళ్ళ బండి గేటు దాటింది. ఎవరూ చెయ్యి ఊపలేదు. మార్జీన్ అద్దంలోంచి చూసింది గానీ నేను తల తిప్పుకున్నాను.

ఆ సాయంత్రం లమార్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. "వెర్లీన్, మీ పాత చోటు మీకే. వాగు గట్టున. ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు. నాదే తప్పు."

"ఆ రోజు పచ్చ డబ్బా చూపించాను నీకు" అన్నాను. "అటువైపు తిరగనైనా తిరగలేదు నువ్వు."

"నిజమే."

చోటు తీసుకున్నాను. లమార్ కూడా ఆఫీసు వెనక బండిలోనే ఉంటాడు, అతని టాంకులూ నేనే లాగాలి. అంతకుముందు సోమవారం మొదటి వంతు అతనిది. ఇప్పుడు శనివారం, అందరి తర్వాత. గురువారానికల్లా అతని టాంకు నిండిపోతుందని నాకు తెలుసు. శుక్రవారం వచ్చి "కాస్త ముందు రాగలరా?" అని మర్యాదగా అడుగుతాడు.

"వరసలో ఉండండి" అంటాను.