నాలుగంగుళాల ఇసుక

వేసే ఉంటాను, లేకపోతే ఉప్పు జాడీ మూత పక్కన ఎందుకుంటుంది, కాని మూత తీసింది పప్పు కోసమో మజ్జిగ కోసమో ఎవరు చెప్పాలి. తార్నాకలో ఇల్లు దాటినప్పటి నుంచి యూనివర్సిటీలో మా ఆఫీసు మెట్లెక్కే దాకా ఇదే ఆలోచన. రుచి చూసి ఉంటే తేలిపోయేది. కాని రుచి చూసినా నాకు నమ్మకం కుదరదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఉప్పు సరిపోయిందని నేనంటే అత్తయ్య ఒక చుక్క చేతిలో వేసుకుని చప్పరించి "ఏం నాలుకమ్మా నీది!" అని నవ్వేది. ఆరేళ్లలో నా నాలుక తీర్పు చెప్పడం మానేసింది. ఒంట్లో జ్వరంగా ఉందంటే మా ఆయన పేపరు దించకుండానే "నీకలా అనిపిస్తోందంతే పద్మా" అనేవారు. కోపంగా కాదు, దయగానే. కోపంగా అంటే తిరగబడి ఉండేదాన్నేమో. ఆ మాట విన్నాక జ్వరం నిజంగానే తగ్గినట్టుండేది. తగ్గిందో, తగ్గిందని అనిపించిందో నాకే తెలిసేది కాదు. లేచి అంట్లు తోమేదాన్ని.

ఆఫీసులో బల్ల మీద నిన్నటి డ్రాయింగు అలాగే ఉంది. పైపు గుండ్రం, దాని కింద నేను పెన్సిలుతో గీసిన ఇసుక పొర. దాన్ని చెరిపెయ్యమన్నారు మా ఇంజినీరు సోమయాజులు గారు. చెరిపాక దీని మీద ట్రేసింగు బట్ట పరిచి, ఇంకుతో గీసి, సాయంత్రానికి ఇవ్వాలి. ఇక్కడ పని ముందు మొదలవుతుంది, కాగితం తర్వాత వస్తుంది. కొత్త లేడీస్ హాస్టలు నుంచి తార్నాక వైపు వెళ్లే డ్రైనేజీకి అప్పుడే కందకం తవ్వి, మొదటి పైపులు దింపేశారు. మిగిలినవన్నీ నా డ్రాయింగు చూసి దింపుతారు.

గొడవంతా పాత ఫైలుతో వచ్చింది. రెండేళ్ల కిందట వేసిన లైను తాలూకు డ్రాయింగు ఇచ్చి దాన్నే చూసి గీయమన్నారు సార్. ఆ లైను మెత్తటి మొరం నేలలో వెళ్లింది. అడుగును పైపు ఒంపుకు సరిపోయేలా చెక్కి, నేల మీదే పైపు పడుకోబెట్టారు. ఇప్పటి కందకంలో అంతా బండరాయి. రోజూ దాని పక్కనుంచే నడిచి వస్తాను కనుక నాకు తెలుసు. తెలుసనే అనుకున్నాను. అందుకే రాయిని ఇంకాస్త లోతుగా కొట్టి నాలుగంగుళాల ఇసుక పొయ్యాలని గీశాను.

"ఇదేమిటమ్మా, కింద?" అన్నారు సార్ నిన్న.

"ఇసుక సార్. అక్కడంతా రాయి కదా అని..."

"రాయి కాబట్టే అక్కర్లేదు. మెత్తటి నేల కుంగుతుందని భయం. రాయి కుంగుతుందా? మీ ఇంట్లో రుబ్బురోలు కింద ఇసుక పోస్తావా?"

పక్క బల్లల వాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

"రాయి కొట్టి, ఇసుక తోలేసరికి వానలొస్తాయి. చెరిపేసి రేపు సాయంత్రానికి ఇచ్చెయ్. నిన్ను పర్మనెంటు చెయ్యమని రాసేది కూడా రేపే, గుర్తుంది కదా," అన్నారు.

బెదిరింపా? ఆయన మొహంలో బెదిరింపు లేదు. గుర్తు చేశారంతే. లేక నాకలా అనిపించిందా? ఇంటికెళ్లి అన్నాల దగ్గర చెప్పాను. "ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషికి తెలీదా? నీకేదో అనుమానం" అన్నారు మా ఆయన. "ఆ పైపులో పారేదేమిటో తెలిసి కూడా కంచాల దగ్గర ఆ మాటలేమిటమ్మా!" అంది అత్తయ్య. మళ్లీ నవ్వాను.

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. రాయి కుంగదు, అది నిజమే. సార్ చెబుతున్నంతసేపూ నిజంలాగే ఉంది. కాని పాలిటెక్నిక్‌లో ఒక మేష్టారు సుద్దముక్కను బల్ల మీద పడుకోబెట్టి వేలితో నొక్కితే విరగలేదు. అదే ముక్కను రెండు డస్టర్ల మీద వంతెనలా పెట్టి నొక్కితే నడిమికి విరిగింది. పైపు కూడా అంతే, ఎత్తుపల్లాల బండ మీద పెడితే రెండు చోట్లే ఆనుతుంది, పైన మట్టి బరువు పడగానే నడుము విరుగుతుందన్నారు. అన్నారా? ఆ మేష్టారి పేరు గుర్తు రావడం లేదు. పేరు గుర్తు లేనప్పుడు సుద్దముక్క మాత్రం నిజమని ఎలా నమ్మడం? నాకు కావలసినట్టుగా నేనే అల్లుకున్నానేమో. రబ్బరు కాగితానికి ఆనించాను. ఆనించి, అలాగే ఉండిపోయాను.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండా కందకం దగ్గరికి వెళ్లాను. కూలీలు చెట్ల నీడకు పోయారు. లింగమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. రోజూ పలకరిస్తుంది నన్ను.

"ఏంది ఇంజినీరమ్మా, గట్ల తొంగి సూస్తున్నవ్? పడేవ్!"

"నేను ఇంజినీర్ని కాదు లింగమ్మా, బొమ్మలు గీసేదాన్ని. పైపులు సరిగ్గా ఆనాయా?"

"ఏడ ఆన్తయి? గీ బొడిపె మీద జర, గా బొడిపె మీద జర. నడుమంత ఖాళీ ఉన్నది. మేస్త్రీకి చెప్పిన. నీకేం ఎరుక, తట్ట మొయ్యి అన్నడు. తట్ట మోసేటోళ్లకు ఎరుకుండదా? నెత్తి మీద సుట్టబట్ట లేకుంట తట్ట పెట్టుకోమను వాన్ని. తెలుస్తది."

"నీకలా అనిపిస్తోందేమో" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అదే మెత్తదనంతో, అదే దయతో. ఒక్క క్షణం మా ఆయన నా వెనక నిలబడి ఉన్నారనుకున్నాను. ఇంత కాలం ఆ మాట నా మీద పడుతోందనుకున్నానే కాని, నాలోనే కాపురం పెట్టిందని ఎప్పుడూ తోచలేదు.

లింగమ్మకు కోపం రాలేదు. రొట్టె నములుతూనే నవ్వింది. "అనిపిచ్చుడేంది తల్లీ? దిగి చెయ్యి పెట్టి సూడరాదు!"

చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఆమె భుజం పట్టుకుని దిగాను. మోకాళ్ల మీద కూర్చుని పైపు కింద చెయ్యి పెట్టాను. వేళ్లు పోయాయి. అరచెయ్యి పోయింది. గాజుల దగ్గర ఆగింది. వేళ్లు కదిపి చూశాను, పైన సిమెంటు, కింద చల్లటి రాయి, మధ్యలో ఏమీ లేదు. చెయ్యి బయటికి తీయగానే మళ్లీ అనుమానం. ఈ ఒక్క పైపే అలా ఉందేమో. రెండోదాని కింద పెట్టాను. మూడోదాని కింద పెట్టాను.

"ఎన్ని సూస్తవమ్మా? పొద్దు గూకుతది!" అంది పైనుంచి లింగమ్మ.

నాలుగోదాని కింద కూడా పెట్టాను.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి ముంజేతి మీద గీరుకుపోయి సన్నగా రక్తం ఉంది. మండుతోంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. మండుతోంది, అంతే. ఎవరినీ అడగాలనిపించలేదు. కాని తల మాత్రం తేలికపడలేదు. ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో తెలీదు. పోకపోయినా, సార్ ఇంకొకరి చేత వేరే డ్రాయింగు గీయించుకోవచ్చు. ఇంట్లో ఏమంటారో వినిపిస్తూనే ఉంది. నేను చేస్తున్నది ధైర్యమో మొండితనమో కూడా తెలియడం లేదు.

"చెరిపావా అమ్మా?" లోపలి గదిలోంచి సార్ గొంతు.

"లేదు సార్," అన్నాను. వినపడేలా అన్నానో లేదో.

ట్రేసింగు బట్ట పరిచి నాలుగు మూలలా పిన్నులు గుచ్చాను. కింద నుంచి పెన్సిలు గీతలు మసగ్గా కనిపిస్తున్నాయి. పెన్సిలైతే రబ్బరుతో పోతుంది. ఈ బట్ట మీద ఇంకు పడ్డాక చెరపాలంటే బ్లేడుతో గీకాలి. గీకిన చోటు వెలుతురుకు ఎత్తి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఎప్పుడూ ముందు పైపు గుండ్రం గీస్తాను. ఇవాళ దాన్ని తర్వాతకు ఉంచాను. డ్రాయింగులో ఇసుకను చుక్కలతో చూపిస్తాం. కలం ముంచి, మొదటి చుక్క పెట్టాను.