తెర ఇవతల

మా ఎదెస్సా పట్టణపు సంఘంలో స్త్రీలకు బాప్తిస్మమిచ్చేటప్పుడు నీళ్ళతొట్టి చుట్టూ తెర కడతారు. అయ్యగారు తెర అవతల నిలబడి మాటలు చెబుతారు. ఇవతల ఒంటికి నూనె రాసి, నీళ్ళలో మూడుసార్లు ముంచేది పరిచారకురాలినైన నేను. దిగేవాళ్ళ ఒంటిమీద నగ, తాయెత్తు, జడలో ముడి ఏదీ ఉండకూడదు. లేవని చెప్పాల్సింది కూడా నేనే. పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. అబద్ధం అవసరం పడలేదు. చెప్పి, అది బయటపడితే ఈ పని ఉండదు.

ఆ పస్కా పండగ ఉదయం మొదట అమత్సిన్ అవ్వ లోపలికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. బట్టలు, గాజులు తీసేసింది, జడ విప్పింది. ఎడమచేతికి ఉంగరం మిగిలింది. వెండిది, పైన నెలవంక. హర్రాన్‌లో చంద్రుడి గుడి ముందు వాళ్ళమ్మ కొన్నదట.

"రావటం లేదమ్మాయ్. వేలు వాచింది."

నూనె పోశాను. ఉంగరం కణుపు దాకా హాయిగా జారింది. అక్కడ వేలు వంగింది. మళ్ళీ లాగాను. మళ్ళీ వంగింది. అవ్వ ఆ వేలి వంక, అది ఎవరిదో అన్నట్టు చూస్తోంది.

"అయిందా?" అన్నారు అయ్యగారు.

"లేదండీ. ఉంగరం రావటం లేదు."

"రాకపోతే వచ్చే పస్కాకి చూద్దాం."

"వచ్చే పస్కాకి నన్ను మోసుకు రావాలి," అంది అవ్వ మెల్లగా. "వేలు కోసెయ్యి. తొమ్మిదివేళ్ళతో వెళితే దేవుడు రానివ్వడా?"

"నాకు నూనె ఒక్కటే ఇచ్చారవ్వా. కత్తి ఇవ్వలేదు."

నా బాప్తిస్మం రోజున నా ఉంగరం ఒక్క లాగుతో తీసి ఇచ్చేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ళయింది. ఏదైనా ఆలోచనలో ఉంటే ఇప్పటికీ నా బొటనవేలు ఆ ఖాళీచోటికి వెళ్ళి, అక్కడ లేనిదాన్ని తిప్పుతుంది. అప్పుడూ తిప్పుతూనే ఉంది.

"ఒంటిమీద ఇంకా ఏమైనా మిగిలిందా?" అన్నారు అయ్యగారు.

"నూనె ఉందండీ."

తెర సందులోంచి ఆయన చెయ్యి వచ్చి అవ్వ తలమీద ఆనింది. మాటలు వినిపించాయి. ఆమె ఎడమచేతిని నా పిడికిట్లో దాచి మూడుసార్లు ముంచాను. మూడోసారి లేచి తుమ్మింది.

తెల్లబట్ట కట్టి, ఆ చెయ్యి బట్టలో దాచుకోమని చెప్పి బయటికి తీసుకొచ్చాను. ఆమె సరిగ్గా ఆ చేత్తోనే అయ్యగారి చెయ్యి పట్టుకుంది.

"ఇదేంటవ్వా?"

"ఇందాక చూడలేదా నాయనా?"

"నేనెలా చూస్తాను?"

"అదీ నిజమే."

ఆయన నా వంక చూశారు. తర్వాత తెరను చూశారు. దాని పక్కన నిలబడ్డ ముగ్గురు సంఘపెద్దలను ఒక్కొక్కరినే చూశారు. ముగ్గురికీ గడ్డాలున్నాయి. నా పని ఎవరికివ్వాలో ఆయనకు తోచినట్టు లేదు.

"ఇంకా ఎంతమంది ఆడవాళ్ళున్నారు?" అన్నారు చివరికి.

"ఐదుగురండీ."

"నూనె సరిపోతుందా?"

"ఇంకో కూజా కావాలండీ."

తెప్పిస్తానని ఆయన మళ్ళీ తెర దగ్గర తన చోటికి వెళ్ళారు. అవ్వ గోడ వారన కూర్చుని ఉంగరాన్ని కణుపు దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి తోసింది.

"వాపు తగ్గినట్టుందమ్మాయ్," అంది.