పొడికళ్ళ కెప్టెన్, నేనూ

నేను ఒక గ్లిజరిన్ సీసాని. బంగాళాఖాతం ఉప్పగా ఉందంటే అందులో సగం నా పనే. నన్ను కంటికింద రాసుకుని ఏడవకుండా నిలబడ్డ మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినవాళ్ళు కూడా పుట్టగానే ఏడ్చారు, గమనించండి.

ఏదో ఫ్యాక్టరీలో తయారై, కృష్ణానగర్ మందుల షాపులో పగిలిన మడమల మందు పక్కన కూర్చున్నా. మేకప్ మ్యాన్ నూకరాజు కొన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరి మడమకో అంకితమైపోయేదాన్ని. ఆయన పెట్టెలో ఉంటూ ఒకే సీరియల్లో అత్తని, ముగ్గురు కోడళ్ళని, ఆ ఇంటి కుక్కని ఏడిపించా. కుక్క సంగతి నేను కలిపింది.

తర్వాత అంతరిక్షం వచ్చింది. శేషుమాంబ గారని రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, ఏళ్ళ తరబడి కూర్చుని తొమ్మిది వందల పేజీల నవల రాశారు. భూమి పాడైపోతే నలభై వేల మందిని ఓడలో ఎక్కించుకుని ఇంకో నక్షత్రానికి బయల్దేరిన కెప్టెన్ కథ. దాన్ని సీరియల్‌గా తీస్తున్నారు. ఓడంటే మా పాత సీరియల్ అత్తగారి హాలే. మెట్లకి వెండి రంగు కొట్టి, పూజగదిలో ఇంజను పెట్టారు.

ఆరోజు కెప్టెన్ వేషంలో ఉన్న తన్మయి, కిటికీలోంచి భూమిని ఆఖరిసారి చూడాలి. ఛానల్ మనిషి గిరీష్ "నూకరాజూ, సీసా తియ్" అన్నాడు. నేను ఒళ్ళు విరుచుకున్నా.

"మా కెప్టెన్ ఏడవదు బాబూ," అన్నారు శేషుమాంబ గారు. "వెనకాల నలభై వేల మంది ఆవిడ మొహమే చూస్తున్నారు. ఆ ఒక్క పేజీ కోసమే మిగతా పుస్తకం రాశాను."

"ఏడవకపోతే జనం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు మేడమ్."

"అసలక్కడ బరువే ఉండదు నాయనా. కన్నీళ్ళు కారవు. కంటినే పట్టుకుని ఉండిపోతాయి."

"అయితే ఫ్యాన్ పెట్టి రాలగొడదాం."

"ఆవిడ ఏడిస్తే నా నవల నాకిచ్చెయ్యండి."

"ఏడవకపోతే ఎపిసోడే వెయ్యను."

తన్మయి టీ తాగొస్తానని వెళ్తూ, ఎందుకో నన్ను కూడా పట్టుకెళ్ళింది. తిరిగొచ్చి, "రాయండి నూకరాజు గారూ," అంది.

రాశాడు. టేక్ మీద టేక్ తీశారు. ఆ అమ్మాయి భూమిని చూస్తూనే ఉంది, కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. నా పరువు పోయింది. గిరీష్ నన్ను లాక్కుని తన కంట్లోనే రాసుకున్నాడు. రెప్పలు ఆడించాడు.

"ఇవి నీళ్ళు."

"నేనే సార్. సింకులో పారబోసి నీళ్ళు పట్టా," అంది తన్మయి. "కెప్టెన్ని కదా. ఓడలో నా మాట చెల్లాలి."

నూకరాజు తల గోక్కున్నాడు. "మీరు పారబోసిందీ నీళ్ళేనమ్మా. అందులో మందు అయిపోయి రెండేళ్ళయిపోనాది. కొందామనుకున్నాను గానీ, ఎప్పుడూ అవసరం పడ్లేదు."

గుమ్మం దగ్గర వంటల ప్రోగ్రాం వాళ్ళు గ్యాస్ పొయ్యితో ఎదురుచూస్తున్నారు, ఇంకో టేక్‌కి టైం లేదు. ఆ పొడికళ్ళే టీవీలో వచ్చాయి.

సరే, దొరికిపోయా. సముద్రంలో నా వాటా ఒక్క చుక్క కూడా లేదు. అత్తగారు, ముగ్గురు కోడళ్ళు నన్ను రాయించుకుని, ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు కదాని, సొంత ఏడుపు ఏడ్చుకున్నారు. నేనెవర్నీ ఏడిపించలేదు. వాళ్ళ పక్కన నిలబడ్డానంతే.

నిలబడ్డం మాత్రం నిటారుగానే నిలబడ్డా.