కుంకుమ మింగిన గొంతు

నేను ఒక లాప్‌టాప్‌ను. లాప్‌టాప్‌కు పగ ఏమిటని నవ్వకండి. నా గొంతులో కుంకుమ కుక్కి, ఆ పాపం ఇంటి ఇల్లాలి మీదికి తోసిన మనిషి చేతిలో కొన్నాళ్ళు ఉండి చూడండి, మీకూ పుడుతుంది.

ఏ దేశంలో తయారయ్యానో నాకు గుర్తులేదు. కళ్ళు తెరిచింది మాత్రం కాకినాడలో, ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో, సుభాషిణి గారి ఒళ్ళో. ఆవిడ ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పే టీచరు. ఒంగోలు పిల్లలూ, రాజాం పిల్లలూ నాలోంచే ఆవిడకు సరళీస్వరాలు వినిపించేవారు. కీబోర్డుకు అటూ ఇటూ సన్నటి చిల్లులుంటాయే, అవే నా స్పీకర్లు. పిల్లల గొంతులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆవిడ పట్టేసేవారు. అంత శుభ్రంగా పలికేదాన్ని.

ఆవిడ భర్త శేషగిరి గారు అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. ఆయనకు తెలియని విషయం లేదు, ఆయన ఒప్పుకున్న తప్పూ లేదు.

దసరాల్లో ఆయుధపూజ నాడు స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు బొట్లు పెట్టి ఆయన నా దగ్గరికొచ్చారు. "ఇది సాక్షాత్తూ సరస్వతే కదా, కాస్త ఘనంగా ఉండాలి" అన్నారు. నున్నటి చోట గంధం జారిపోతుందని, గరుగ్గా ఉన్న చోటు వెతికి మరీ ఆ చిల్లుల మీద తడి గంధం మెత్తి, పైన కుంకుమ అద్దారు. నేను ఊపిరాడక గిలగిల్లాడుతుంటే ఆయన హారతిచ్చి చెంపలేసుకున్నారు. సుభాషిణి గారు వంటింట్లోంచి వచ్చేసరికి పైపైన తుడిచేశారు, చిల్లుల్లోకి దిగింది మాత్రం దిగినట్టే ఉండిపోయింది.

మర్నాటి నుంచి నా గొంతు బొంగురు. పిల్లలు శ్రుతిలోనే పాడినా గరగరమని వినబడేది. బాగా పాడే పిల్లను పట్టుకుని సుభాషిణి గారు "మళ్ళీ పాడమ్మా, మళ్ళీ" అని విసిగిస్తే ఆ పిల్ల ఏడ్చేసింది. ఆవిడ మనసు విరిగి క్లాసులు ఆపేశారు.

"పొద్దస్తమానం పిల్లల చేత అరిపిస్తే స్పీకర్లు పగిలిపోవూ? అంతా నీ చేతి చలవే" అన్నారు శేషగిరి గారు. మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ అదే చెప్పారు. వచ్చే పోయే వేళల్లో పాత రేడియోను చరిచినట్టు నన్ను చరిచేవారు కూడా.

తరవాత ఒకనాడు నా చిల్లుల ఫోటో దగ్గరగా తీసి, మీ వదిన వీటిని పాడుచేసి క్లాసులు మానేసిందంటూ రాజమండ్రిలో ఉన్న తమ్ముడు కామేశానికి పంపారు. ఫోనులో కామేశం పకపకా నవ్వాడు. "అది కుంకుమ అన్నయ్యా! మెత్తని బ్రష్షుతో దులిపితే పోద్ది. ముందు వదినకి చెప్పు." అన్నయ్య గారు చెప్పలేదు, దులపలేదు. దులిపితే ఎర్రగా రాలుతుంది, ఎవరు పూశారో బయటపడుతుంది. అది అర్థమైన రోజు నా ఒళ్ళు మండిపోయింది. ఈయన్ను ఊరికే వదలకూడదనుకున్నాను.

కార్తీక పౌర్ణమి వచ్చింది. సెల్లారులో సుభాషిణి గారూ మిగతా ఆడవాళ్ళూ దీపాలు పెడుతున్నారు. భక్తిపాటల కోసం శేషగిరి గారు నన్ను కిందికి తీసుకెళ్ళి, బ్లూటూత్‌తో అక్కడి పెద్ద సౌండ్ బాక్సుకు కలిపారు. పాటలయ్యాక కలిపిన సంగతి మరిచి పైకి తెచ్చేశారు. అప్పుడే కామేశం వీడియో కాల్ చేశాడు. తమ్ముడి మాటలు పక్కింటికి వినబడకూడదని ఆయన తలుపులూ కిటికీలూ బిగించుకుని నా ముందు కూర్చున్నారు.

"ఏరా, ఏమీ వినబడట్లేదు" అని నన్ను చరిచారు.

కామేశం గొంతును నేను భద్రంగా కింద పెట్టెకు అందిస్తున్నాను. దాన్ని వదిలి నా సొంత గొంతుకు మళ్ళడం నాకు చిటికెలో పని. మళ్ళలేదు.

"కుంకుమ పూసింది నువ్వేనని వదినకి చెప్పేవా లేదా?"

"వినబడట్లేదురా, గట్టిగా చెప్పు!"

కామేశం గొంతు చించుకున్నాడు. "తప్పు నీది పెట్టుకుని వదిన మీద తోసేస్తావేంటన్నయ్యా! పాపం, ఆవిడ క్లాసులు మానేసి కూర్చుంటే నీకు మనసెలా ఒప్పుతోంది?"

ఆయన నా వాల్యూము చివరంటా పెంచారు. నేను వద్దంటానా? ఉన్న బలమంతా కిందికి పంపాను.

కాసేపటికి తలుపు దబదబా మోగింది. ఆయన వెళ్ళి గడియ తీశారు. సుభాషిణి గారు, చేతులకింకా నూనె, వెనక మెట్ల నిండా ఆడవాళ్ళు.

"దీపాలప్పుడే అయిపోయాయా? ఇది పూర్తిగా మూగబోయింది సుభా, రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారాయన.

"మూగబోలేదండీ. కింద అందరికీ వినబడింది. మీకొక్కరికే వినబడలేదు."

ఆవిడ లోపలికెళ్ళి పాత పళ్ళ బ్రష్షు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. "దులపండి" అన్నారు. అందరూ చూస్తుండగా ఆయన నన్ను ఒళ్ళో పక్కకి వంచుకుని దులిపారు. పూజకని కట్టుకున్న తెల్ల పంచె మీద ఎర్రగా రాలింది. నా కడుపు చల్లబడింది.

క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. ఏడ్చిన పిల్ల తిరిగొచ్చి పాడింది, సుభాషిణి గారు కళ్ళు మూసుకుని విన్నారు. ఒక్క కుంకుమ రేణువు మాత్రం ఎడమ స్పీకరులో దాచుకున్నాను. పిల్లలు పాడేటప్పుడు దాన్ని కదలనివ్వను. శేషగిరి గారు వార్తలు పెట్టుకున్నప్పుడు గరగరలాడిస్తాను. చరవడానికి ఆయన చెయ్యెత్తుతారు. వంటింట్లోంచి సుభాషిణి గారు దగ్గుతారు. చెయ్యి దిగిపోతుంది.