ఏడో సందు

“జడ లోపలికి దోపుకోవే. ఆ మిషన్లో కొస చిక్కిందంటే తలకాయ కూడా లాగేస్తుంది,” అన్నాను, అమ్మాయి ఇంకా చెప్పులైనా వేసుకోకముందే.

“లాగనీ. తలనొప్పి వదులుతుంది.”

“పొద్దున్నే అవేం మాటలే!”

మా అమ్మాయి ఇనుప పని చేసే వర్క్‌షాపులో చేరి మూడు నెలలు కావస్తోంది. పని నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. నేను గొడుగులకు గుడ్డ కుడతాను. ఎనిమిది కమ్మీలు, ఎనిమిది ముక్కలు. సూది గుచ్చుకోవడం తప్ప వేరే గండం లేదు. దానిదేమో గుండ్రటి ఇనుప బిళ్లలకు రంధ్రాలు వేసే పని. ఆ రోజంతా అంబులెన్సు కూత వినిపించినప్పుడల్లా నా చేతిలో దారం తెగేది. మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వేళ్లు ఉంటే కదా ఎత్తడానికి, అనుకున్నాను.

సాయంత్రం వచ్చింది. ముందు వేళ్లు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు. సంచిలోంచి పళ్లెమంత బిళ్ల తీసి బల్ల మీద పడేసింది.

“పంపు మూత. ఏడు రంధ్రాలు. బోల్టులు కూర్చోలేదు. రేపు ఇంకో బిళ్ల ఇస్తాడట మేస్త్రి, అదీ చెడితే ఇంటికేనట. అందరి ముందూ అన్నాడు. నేనిక వెళ్లను.”

గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

గడియ చప్పుడు వినగానే తలుపు దగ్గరికి పరిగెత్తాను. “తలుపు తియ్యవే, నా తల్లివి కదూ,” అని బతిమాలాను. మా ఆయన పేపరు మడుస్తూ, “కాసేపు వదిలెయ్యవే. నిన్ను చూస్తే భయానికే జ్వరమొస్తుంది,” అన్నారు.

“మీకేం, మీరు తండ్రి!”

ఊరికే కూర్చోలేక దారం ముక్క తీసి ఆ బిళ్ల మీద రంధ్రానికీ రంధ్రానికీ మధ్య పెట్టి చూశాను. ఆరు సందులు అచ్చు గుద్దినట్టున్నాయి. ఏడోది కందిగింజంత ఎక్కువ ఎడం. గొడుగుల దగ్గరా ఇంతే. కొత్తగా వచ్చినవాళ్లు ముక్క ముక్కకీ నూలుపోగంత తక్కువ కోస్తారు, ఆ తక్కువలన్నీ పోగై చివరి ముక్క నెత్తిన కూర్చుంటాయి. అందుకే నేను ముక్కలన్నీ గుండుసూదులతో కలిపి, మళ్లీ మొదటి కమ్మీ దాకా వచ్చి చూసుకున్నాకే కుట్టు మొదలెడతాను.

దారం చేతిలో పట్టుకునే తలుపు దగ్గర చతికిలబడ్డాను.

“ఒసే, స్కూల్లో ఉన్నప్పుడు నువ్వే చెప్పావు. చుట్టుకి మూడు వందల అరవై డిగ్రీలేంటే, చక్కగా వంద పెట్టుకోవచ్చుగా అని నేనడిగితే, వందని మూడు భాగాలు చేస్తే చిల్లర మిగులుతుందమ్మా అన్నావు. పాతకాలం వాళ్లు అరవైల్లో లెక్కపెట్టేవారట, ఏడాదిలో రోజులూ ఇంచుమించు అన్నేనట. మూడు చేసినా, నాలుగు చేసినా, ఐదైనా ఆరైనా, నా గొడుగుకి ఎనిమిదైనా సమంగా తెగుతుందన్నావు. మరి ఏడుకో?”

లోపల మంచం కిర్రుమంది.

“తెగదు కదూ? అంత తెలివైన పెద్దలే ఏడుని గాలికొదిలేశారు. నువ్వెంత, నీ ప్రాణమెంత? మేస్త్రికి ఆ మాటే చెప్పు.”

పాలు పొంగిన వాసన వస్తే పరిగెత్తి పొయ్యి కట్టేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. కిటికీకి ఊచలున్నాయి, దూకలేదులే అని ఒకసారి, ఊచలు తుప్పు పట్టాయేమో అని ఇంకోసారి అనుకున్నాను. ఆయన కుర్చీలోనే కునుకు తీసి లేచారు. “తీసిందా?” అన్నారు. తల అడ్డంగా ఊపాను. దారాన్ని వేలికి చుట్టడం, విప్పడం. ఎంతసేపో.

“వాళ్లు వదిలెయ్యలేదమ్మా,” అంది తలుపు వెనకనుంచి. “ఒక్కో సందుకీ యాభై ఒక్క డిగ్రీలు, పైన కాస్త కొసరు. ఆ కొసరు వదిలేసింది నేను. ఆరుసార్లు. చివర్లో మళ్లీ మొదటి రంధ్రం దాకా కొలిచి చూసుకోనూ లేదు. ఆ దారం పడెయ్యకు. పొద్దున తీసుకెళ్తాను.”