మధ్య మీట మీద ఎర్రబొట్టు

జోగులు కొత్త రిమోటును చొక్కా అంచుకి తుడిచి, వర్ధనమ్మగారి వైపు చెయ్యి చాపాడు.

"బొట్టు స్టిక్కర్లుంటే ఓ అట్ట ఇప్పించండమ్మా. రంగురంగులవైతే మరీ మంచిది."

అది అతని పద్ధతి. నర్సీపట్నంలో ఏ ఇంట్లో ఓటీటీ పెట్టె బిగించినా, రిమోటు మీద పనికొచ్చే మీటలకి ఆ ఇంటావిడ బొట్టుబిళ్లలే అంటిస్తాడు. ఆన్ చెయ్యడానికి ఆకుపచ్చది, వెనక్కి రావడానికి నీలం, నడుమనున్న ఓకే మీటకి ఎర్రది. పెద్దవాళ్లు మురిసిపోయి, ఎంత తెలివైనవాడివయ్యా అంటారు. ఆ తెలివి ఎక్కడ పుట్టిందో అతను ఎవరికీ చెప్పలేదు. జోగులుకి తెలుగైతే కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు.

యాభయ్యారేళ్లు అతనికి. అందులో ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి, డాబాల మీదుగా కేబుల్ లాగడంలోనే పోయాయి. వైరు చుట్ట మోసి మోసి ఎడమ భుజం కిందికి వాలింది. అరచేతులు కాయలు కాశాయి. కేబుల్ రోజులు పోయి నెట్టు రోజులొచ్చాక స్తంభాల పని సగమైంది, మిగతా సగం టీవీ ముందు కూర్చుని చేసేదైంది. ఏ గుర్తు ఏ రంగో, ఎన్నిసార్లు కుడికి జరపాలో, ఎప్పుడు కిందికి దిగాలో, అన్నీ ఎక్కాల్లా బట్టీపట్టాడు. ఆఫీసులో ఎవరికీ అనుమానం రానివ్వలేదు.

ఆవిడ భర్త రామనాథం మాస్టారు పేము కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. చక్కెర జబ్బు చూపుని దాదాపు మింగేసింది.

"సినిమాల ప్యాకా, ఆటల ప్యాకా మేస్టారూ?"

"ఆటలదే. టెస్టు మ్యాచి ఆఖరి రోజోయ్ ఇవాళ. కళ్లు లేకపోతేనేం, కామెంటరీ వింటాను. వర్ధనం సీరియళ్లు ఎలాగూ నాకు అక్కర్లేదు."

"నాకూ మీ బ్యాటూ బంతీ అక్కర్లేదు," అంది వర్ధనమ్మ నవ్వుతూ.

జోగులు మూడు మీటలకీ బొట్లంటించి, ఆటల గుర్తు మీద ఓకే నొక్కాడు. మైదానం రావాల్సిన చోట తెర నల్లబడింది. నాలుగు వరుసల ఇంగ్లీషు, కింద రెండు గళ్లు. ఇది అతను బట్టీపట్టిన వాటిలో లేదు.

"ఆగిపోయిందేం? ఏం రాసుందో చదువు," అన్నారు మాస్టారు.

జోగులు మీట మీంచి వేలు తీసేశాడు. పోయిన నెల బలిఘట్టంలో ఇలాగే తెలియకుండా ఏదో నొక్కితే, ఆ ఇంటాయన పెట్టెలో దాచుకున్న సినిమాలన్నీ చెరిగిపోయాయి. ఇంకొక్క కంప్లైంటు వస్తే ఇంటి దగ్గర కూర్చోమన్నాడు యజమాని బుల్లిబాబు. అదొక భయం. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. ఆరో తరగతిలో ఈ గొంతే "చదువు" అంది. జోగులు నోరు పెగలక నిలబడితే, క్లాసు బయట నిలబెట్టింది. మర్నాటి నుంచి అతను బడి ముఖం చూడలేదు. మాస్టారికి అదేం గుర్తుండదులే అని అతని ధీమా.

"నెట్టు పోయినట్టుంది మేస్టారూ. ఊరంతా ఇదే గొడవ. సాయంత్రం బేగి వొచ్చి సూస్తాను."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. "సరేలే, వెళ్లిరా," అన్నారు. జోగులు చప్పుడు కాకుండా తెరని ఫోనుతో ఫొటో తీసుకుని, తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాడు.

రోజంతా మామూలుగానే నడిచింది. బలిఘట్టం దారిలో లారీ తగిలి తెగిన వైరు అతికాడు. నిచ్చెన మీదుండగా ఫోను మోగింది. మాస్టారిది. ఎత్తలేదు. మధ్యాహ్నం చద్దన్నం తింటుంటే మళ్లీ మోగింది. ఈసారీ ఎత్తలేదు. ఊరంతా నెట్టు పోయిందని అబద్ధమాడింది ఒక గుడ్డి ముసలాయనతో, అదీ చదువు చెప్పిన మనిషితో అనుకుంటే, తన మీద తనకే అసహ్యమేసింది. మ్యాచి అయిపోతూ ఉంటుంది.

నాలుగింటికి ఆఫీసుకి పోయి, కౌంటరు దగ్గరున్న మణి ముందు ఫోను పెట్టాడు. ఇంతకాలం ఈ ఒక్క పని చెయ్యకుండా నెట్టుకొచ్చాడు.

"ఇదేటో సదివి సెప్పమ్మా. నాకు రాదు."

మణి తలెత్తి ఒకసారి చూసి, చదివింది. "ఏటుంది బాబాయ్, కొత్త మార్పులు సేసారంట. మ్యాచి సూడాలంటే ఓకే నొక్కమన్నాడు. అంతే."

"అంతేనా?"

"అంతే. నాకు పొద్దున్నే ఫోన్ సెయ్యకపోయావా, సెప్పీదాన్ని కదా."

నవ్వుతుందని ఇన్నేళ్లూ భయపడ్డాడు. ఆ పిల్ల నవ్వనైనా లేదు. జోగులుకి తల కొట్టేసినట్టయింది. బండి తీసి, దారిలో మాస్టారికి చెప్పాల్సిన మాట నాలుగుసార్లు అనుకున్నాడు. నాకు చదవడం రాదు మేస్టారూ, అందుకే అబద్ధమాడాను.

గేటు ముందు చెప్పులు చాలా ఉన్నాయి. ముందు గదిలో మాస్టారిని చాప మీద పడుకోబెట్టారు, తల దగ్గర దీపం వెలుగుతోంది. వర్ధనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. అతన్ని చూసి దగ్గరికి రమ్మంది.

"మూడింటికి టీ తెచ్చి లేపితే పలకలేదయ్యా. నీకు రెండుసార్లు ఫోను చేయించారు."

"ఎత్తనేదమ్మా," అన్నాడు జోగులు.

"మ్యాచి కోసం కాదు. నెట్టు లేకపోతే పోనీ, వచ్చి టీ తాగి వెళ్లమను అన్నారు. నువ్వెళ్లిన దగ్గర్నుంచి ఒకటే బాధ. 'ఆరో తరగతిలో వాణ్ణి క్లాసు బయట నిలబెట్టింది నేనే. ఇవాళ మళ్లీ చదవమని, మళ్లీ బయటికి పంపేశాను వర్ధనం,' అని."

జోగులు మాస్టారి కాళ్ల దగ్గర కూలబడి, నుదురు నేలకి ఆనించి ఏడ్చాడు. ఎంతసేపటికో తలెత్తాడు. టీవీని ఎవరూ ఆపలేదు. నల్లటి తెర మీద నాలుగు వరుసలూ అలాగే ఉన్నాయి. పేము కుర్చీలో రిమోటు ఉంది, దాని మధ్య మీట మీద ఎవరూ మళ్లీ నొక్కని వర్ధనమ్మగారి ఎర్రబొట్టు.